‘రింగ్’ అనే మాటకు అర్థాలు, పర్యాయపదాలు: ఏ మోతకు ఏ మాట?

డీఎస్సీకి చదువుతున్న తిరుపతి అభ్యర్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. నిఘంటువులో ఇంగ్లీషు ‘రింగ్’కు మోగు, ఉంగరం, చుట్టుముట్టు, ఫోన్ చేయు అని నాలుగు అర్థాలు కలగలిపి ఇచ్చారట. పర్యాయపదాలుగా చైమ్, టోల్, పీల్, నెల్, జింగిల్, టింకిల్, క్లాంగ్ ఉన్నాయి. తెలుగులో మాత్రం అన్నిటికీ ‘గంట మోగుట’ అనే రాసి ఉంది. ఏది ఎక్కడ వాడాలి? రింగ్‌కు భూతకాలం ‘ర్యాంగ్’ అవుతుందా, ‘రింగ్డ్’ అవుతుందా? ‘డెత్ టోల్’లో ఉన్న టోల్ కూడా గంటేనా?

ముందుగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మోత అనే ‘రింగ్’, వలయం అనే ‘రింగ్’ పుట్టుకలోనే రెండు వేర్వేరు మాటలు. పాత ఇంగ్లీషులో మోగడానికి ‘హ్రింగన్’ అనేవారు, వలయానికి ‘హ్రింగ్’ అనేవారు. కాలక్రమంలో రెండూ ఒకే రూపానికి వచ్చాయి. మంచి నిఘంటువులు అందుకే వీటిని రెండు పద్దులుగా చూపించి, మాట పక్కన పైన చిన్న అంకెలు 1, 2 వేస్తాయి. ఒకటో అంకె వలయానికా, మోతకా అన్నది నిఘంటువును బట్టి మారుతుంది కాబట్టి అంకెను బట్టీ పట్టకండి, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం చూడండి. ఉంగరం, కీ రింగ్, రింగ్ రోడ్డు, బాక్సింగ్ రింగ్, పిస్టన్ రింగులు, మన బావుల్లో దించే సిమెంటు రింగులు, ఇవన్నీ వలయం కుటుంబం. టెండర్లలో కాంట్రాక్టర్లు ‘రింగయ్యారు’ అని పేపర్లలో రాసేదీ ఈ కుటుంబమే, గుంపుగా కూడడం అన్నమాట. గంట, ఫోను, చెవిలో హోరు, మారుమోగడం మోత కుటుంబం.

భూతకాలం చిక్కు కూడా ఇక్కడే తెగుతుంది. మోత అయితే రింగ్, ర్యాంగ్, రంగ్. చుట్టుముట్టడం అయితే రింగ్, రింగ్డ్, రింగ్డ్. ‘ది పోలీస్ రింగ్డ్ ది హౌస్’ అంటే పోలీసులు ఇంటిని చుట్టుముట్టారు. ‘ది పోలీస్ ర్యాంగ్ ది హౌస్’ అంటే ఇంటికి ఫోన్ చేశారు. రెండూ తప్పులేని వాక్యాలే, కానీ చెప్పే సంగతులు వేరు. తప్పు కనిపెట్టమనే ప్రశ్నల్లో ఎక్కువగా దొర్లేది ‘ది బెల్ రంగ్’ అని రాయడం. రంగ్ అనే రూపానికి ముందు హ్యాజ్, హ్యాడ్, వాజ్ లాంటి తోడు ఉండాలి. తోడు లేకపోతే ర్యాంగ్ రాయాలి. నామవాచకంగా ‘రంగ్’ అంటే నిచ్చెన మెట్టు. దానికీ మోతకూ సంబంధం లేదు.

వినడానికి ఇలాగే ఉండే మూడో మాట ఇంకొకటుంది, డబ్ల్యూతో మొదలయ్యే రింగ్. తడిబట్ట పిండడం దాని అర్థం. డబ్ల్యూ పలకదు. దాని రెండు భూతరూపాలూ రంగ్, రంగ్. అక్కడ ర్యాంగ్ అనేదే లేదు. డిక్టేషన్‌లో చెవితో తేడా తెలియదు, వాక్యంలో బట్ట ఉందా, గంట ఉందా అని చూసుకోవాలి.

ఉచ్చారణలో మనవాళ్లకు రెండు చోట్ల ఇబ్బంది. ర్యాంగ్‌ను ‘రాంగ్’ అంటే తప్పు అనే అర్థం వచ్చే మాటలా వినిపిస్తుంది. రెండోది చివరి ‘గ్’. మనం రింగు, రింగ్గింగ్ అని గకారాన్ని ఒత్తి పలుకుతాం. ఇంగ్లీషులో అక్కడ గ లేదు, మన వర్ణమాలలోని ఙ మాత్రమే ఉంది. నాలుక వెనక భాగం అంగిలికి ఆని ఉండగానే గాలి ముక్కులోంచి పోవాలి. నాలుక ఠక్కున విడిపోతే గ వినిపిస్తుంది. రింగర్, సింగర్ లాంటి మాటల్లోనూ ఇంతే. ఫింగర్‌లో మాత్రం గ స్పష్టంగా పలుకుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. పర్యాయపదాలను ఎంచుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలా వరకు జవాబు దొరుకుతుంది. మోగిన వస్తువు పెద్దదా, చిన్నదా? దెబ్బ ఒక్కటా, ఆగి ఆగి పడిందా, గబగబా వరసగా పడ్డదా? దెబ్బ తర్వాత మోత కాసేపు నిలిచిందా, అక్కడే చచ్చిందా? తెలుగు చెవికి ఈ తేడాలు పుట్టుకతోనే తెలుసు. గణగణ, ఖంగు, ఠంగుఠంగు, గలగల, ఘల్లుఘల్లు అని మనం వేరువేరుగా అంటున్నామంటే ఆ లెక్క మన నోట్లో ఉన్నట్టే. నిఘంటువు ఇచ్చిన ‘మోగు’ను పట్టుకోకుండా, ఆ చప్పుడును తెలుగులో అనుకరిస్తే ఏ మాట వస్తుందో ముందు అనుకోండి. ఇంగ్లీషు మాట దానికి జతగా వస్తుంది.

మూడో ప్రశ్నను ఇంట్లోనే పరీక్షించవచ్చు. పూజ గంటను పిడి పట్టుకుని ఒక్కసారి కొట్టండి. దెబ్బ పడ్డాక కూడా మోత సాగుతుంది, సన్నబడుతూ కొన్ని క్షణాలు చెవిలో ఉంటుంది. ఇదే రింగ్. ఇప్పుడు రెండో చేత్తో గంట అంచును గట్టిగా పట్టుకుని లోపలి నాలుకతో అలాగే కొట్టండి. ‘టక్’మని అక్కడే ఆగిపోతుంది. దీన్ని ఇంగ్లీషులో రింగ్ అనరు, క్లాంక్ అంటారు. లోహం అదే, దెబ్బ అదే. అంచు కంపించే దారి మూసేశారు, అంతే. కంచు ఇంతసేపు మోగడానికి కారణం దాని పాళ్లు. గంటలు పోసే కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. ఆ గట్టి మిశ్రమం కంపనాన్ని తనలో మింగేసుకోదు. సీసం మెత్తన, అది మింగేస్తుంది కాబట్టి దానికి మోత లేదు. గంట లోపల వేలాడే నాలుకను ఇంగ్లీషులో క్లాపర్ అంటారు. టంగ్ అన్నా చెల్లుతుంది.

ఒక్కొక్క మాటనూ ఈ లెక్కలో పెట్టి చూద్దాం.

అన్నిటికీ సరిపోయే సాదా మాట రింగ్. చేతి గంట, కాలింగ్ బెల్, ఫోను, సైకిల్ బెల్లు, దేనికైనా నడుస్తుంది. దీనికి మంచి, చెడు రంగు లేదు. అనుమానం వస్తే ఇదే రాయండి, తప్పు పోదు. తెలుగులో గంట దానంతట అది ‘మోగుతుంది’, మనిషి ‘మోగిస్తాడు’. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే క్రియ. ‘ది బెల్ ర్యాంగ్’, ‘ద ప్రీస్ట్ ర్యాంగ్ ది బెల్’. మోగించాడు అనడానికి ‘మేడ్ ది బెల్ రింగ్’ అని సాగదీయనక్కర్లేదు. ‘బెల్ కొట్టారు’ను ‘బీట్ ది బెల్’ అని రాయకూడదు. బీట్ అనేది డప్పుకు, పలకకు. గంగమ్మ జాతరలో పలకలు మోగితే ఇంగ్లీషులో రింగ్ పనికిరాదు, ‘డ్రమ్స్ బీట్’ అనాలి, దూరం నుంచి గుండెల్లో దడదడలాడేట్టు వినిపిస్తే ‘బూమ్’. తోలు వాద్యం రింగ్ కాదు, లోహమో గాజో కావాలి. శంఖానికి ‘బ్లో’.

టోల్ దగ్గర జాగ్రత్త చాలా అవసరం. పెద్ద గంట, ఒక్కో దెబ్బ, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం. తెలుగులో ఠంగు... ఠంగు... అని ఆగి ఆగి అనేది ఇదే. కానీ ఇంగ్లీషువాళ్ల చెవిలో టోల్ అనగానే ఎవరో పోతే చర్చిలో కొట్టే గంట అన్న భావం వస్తుంది. దీన్ని మరచిపోయి ‘టెంపుల్ బెల్స్ టోల్డ్’ అని రాసేవాళ్లు ఉన్నారు. తిరుమలనే తీసుకోండి. 1417లో చంద్రగిరికి చెందిన అమాత్య మల్లన్న కట్టించిన తిరుమామణి మండపంలో రెండు పెద్ద గంటలున్నాయి. స్వామివారి నైవేద్యం వేళ వాటిని మోగిస్తారు. ఆ మోతను టోల్ అంటే శుభవేళకు చావు నీడ తెచ్చిపెట్టినట్టే. ‘ది బెల్స్ ఆర్ రంగ్ డ్యూరింగ్ నైవేద్యం’ అనాలి. రెండూ కలిసి కొండంతా మారుమోగిన సందడి చెప్పాలంటే ‘పీల్డ్’ అనవచ్చు. పెద్ద గంట అయినంత మాత్రాన టోల్ కాదు. దెబ్బల మధ్య ఎడమూ, విషాదమూ రెండూ ఉంటేనే ఆ మాట.

నెల్ అచ్చంగా చావు గంట. స్పెల్లింగులో ముందున్న కె పలకదు. ఈ రోజుల్లో ఇది ఒంటరిగా కనిపించడం తక్కువ, ‘డెత్ నెల్’ అనే జంటలోనే ఎక్కువ. ఒక పరిశ్రమకో పద్ధతికో ముగింపు దగ్గరపడిందని చెప్పే ‘సౌండ్ ది డెత్ నెల్ ఫర్’ అనే పలుకుబడికి తెలుగు పత్రికల్లో ‘మృత్యుఘంటికలు’ సరిగ్గా సరిపోతుంది. ‘అలారం బెల్స్’ అయితే ప్రమాద ఘంటికలు. ఈ రెండింటినీ ఒకదాని బదులు ఇంకొకటి వాడితే అర్థం తిరగబడుతుంది. మొదటిది అయిపోయిందని చెబుతుంది, రెండోది ఇంకా మేలుకోవచ్చని చెబుతుంది.

డెత్ టోల్ సంగతి: ఇక్కడ గంట లేదు. ఈ టోల్ సుంకం. అలిపిరి దగ్గర వాహనానికి కట్టే టోల్ ఏ మాటో అదే. సుంకం నుంచి ‘చెల్లించుకున్న మూల్యం’ అనే అర్థం వచ్చి, దాని నుంచి ప్రమాదంలో పోయిన ప్రాణాల లెక్క అయింది. ‘టేక్ ఇట్స్ టోల్’ అన్నా ఇదే వరస, మూల్యం వసూలు చేసుకోవడం. ‘డెత్ టోల్ రోజ్ టు 12’ అంటే మృతుల సంఖ్య 12కు చేరింది. డెత్ టోల్, డెత్ నెల్ చూడ్డానికి కవలల్లా ఉన్నా ఒకటి లెక్క, ఒకటి మోత.

పీల్ అంటే గంటలన్నీ కలిసి మోగే పెద్ద సందడి, పండగ, పెళ్లి. నవ్వుల పకపకలకు ‘పీల్స్ ఆఫ్ లాఫ్టర్’, ఉరుముకు ‘పీల్ ఆఫ్ థండర్’. తొక్క తీసే పీల్‌లో రెండు ఈ అక్షరాలు, ఇందులో ఈ తర్వాత ఏ. ఇంగ్లండులో ఈ మాటకు ఇంకా కచ్చితమైన అర్థం ఉంది. అక్కడి చర్చి గోపురాల్లో మనుషులు తలా ఒక తాడు పట్టుకుని, గంటల వరసను ప్రతిసారీ మారుస్తూ మోగించే విద్య ఒకటుంది. ఏడు గంటలను ఒక్క వరస కూడా మళ్లీ రాకుండా అమర్చగలిగే తీరులు 5,040. ఏడు, ఆరు, ఐదు అలా ఒకటి దాకా గుణిస్తే వచ్చే లెక్క. ఆ మొత్తాన్నీ ఆగకుండా మోగిస్తే పూర్తి పీల్, దానికి సుమారు మూడు గంటల సమయం పడుతుంది. ‘రింగ్ ది ఛేంజెస్’ అనే జాతీయం అక్కడ పుట్టింది. ఒకే పనిని రకరకాల తీరుల్లో మార్చి మార్చి చేయడం దాని అర్థం, చిల్లరతో సంబంధం లేదు.

చైమ్‌లో స్వరం ఉండాలి. శ్రుతి కుదిరిన గంటలు రెండు మూడు స్వరాలు పలికితే చైమ్. గోడ గడియారం పాటలా మోగడం, గాలికి ఊగే గొట్టాల గంటలు, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటుకు ముందు వచ్చే స్వరాలు దీని కిందికి వస్తాయి. గడియారం నాలుగు గంటలు కొడితే ‘స్ట్రక్ ఫోర్’. ‘ర్యాంగ్ ఫోర్’ అనరు. అలారం అయితే ‘ర్యాంగ్’ లేదా ‘వెంట్ ఆఫ్’. ఇక్కడ వెంట్ ఆఫ్ అంటే ఆగిపోయింది అనుకుని తప్పు జవాబు పెట్టేవాళ్లు చాలామంది. మోగడం మొదలైందని దాని అర్థం. మాటల మధ్యలో దూరి వంత పాడడం ‘చైమ్ ఇన్’.

జింగిల్, టింకిల్ రెండూ చిన్న వస్తువులకే. తేడా ఏమిటంటే జింగిల్‌కు చాలా వస్తువులు ఒకదానికొకటి తగలాలి. తాళాల గుత్తి, జేబులో చిల్లర, చేతి గాజులు, పశువుల పండగకు ఎద్దుల మెడలో కట్టిన గజ్జెల పట్టెడ. మన గలగల, ఘల్లుఘల్లు ఇవే. టింకిల్ సన్నన, మెత్తన, ఒక్క చిరుగంట చాలు. గాజు గ్లాసులో చెంచా తగిలినా టింకిలే. పాత కావ్యభాషలో కింకిణి అన్నది దీనికి బాగా దగ్గర. గలగల పారే ఏటికి మాత్రం జింగిల్ రాయకండి, అక్కడ బ్యాబుల్ లేదా గర్గుల్ అంటారు. గలగల మాట్లాడే మనిషికి చాటర్. తెలుగు అనుకరణ మాట ఒక్కటే అయినా, వస్తువు లోహం కాకపోతే ఇంగ్లీషు మాట మారిపోతుంది.

క్లాంగ్ బరువైన ఇనుము. ఇనప గేటు మూసుకున్న మోత, సుత్తి దాగలి మీద పడ్డ మోత. మన ఖంగు. చాలా బడుల్లో గంట బదులు రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనప కడ్డీతో కొట్టేవారు, ఆ చప్పుడుకు రింగ్ కన్నా క్లాంగ్ బాగా కుదురుతుంది. సాయంత్రం కొట్టే ‘లాంగ్ బెల్’ మన బడుల మాట. బయటి ఇంగ్లీషు పాఠకులకు ‘ఫైనల్ బెల్’ అని రాయండి. బ్రిటిష్ వాడుకలో ‘ది బెల్ హ్యాజ్ గాన్’ అంటే బెల్లు కొట్టేశారని అర్థం, గంట పోయిందని కాదు.

ఊరూ కొండా మోతతో నిండితే రిజౌండ్, రివర్బరేట్, లేదా మళ్లీ రింగే. అప్పుడు ‘విత్’ రావాలి. ‘ద హిల్ ర్యాంగ్ విత్ క్రైస్ ఆఫ్ గోవిందా.’ మోగినది నామస్మరణ అయినా వాక్యంలో కర్త స్థానంలో కొండ ఉంది చూడండి, మన ‘కొండంతా గోవింద నామంతో మారుమోగింది’ లాగే. ఎకో అంటే ఒకసారి పలికినది తిరిగి వినిపించడం, అది ప్రతిధ్వని. తుపాకీ కాల్పులకు ‘షాట్స్ ర్యాంగ్ అవుట్’. చెవులు గింగురుమంటే ‘మై ఇయర్స్ ఆర్ రింగింగ్’. బయట ఏ చప్పుడూ లేకుండా చెవిలో గుయ్యిమంటూ ఉండడాన్ని వైద్యులు టినిటస్ అంటారు. లాటిన్‌లో మోగడానికి వాడే క్రియ నుంచే ఆ పేరు వచ్చింది. బజర్ మోత రింగ్ కిందికి రాదు, బజ్ అనాలి.

జాతీయాల్లో ఎక్కువ మార్కులు పోయేవి రెండే. ‘రింగ్ ఎ బెల్’ అంటే ఎక్కడో విన్నట్టు లీలగా గుర్తు రావడం. ఇందులో కర్త మనిషి కాడు, గుర్తొచ్చిన పేరు. ‘ద నేమ్ రింగ్స్ ఎ బెల్’ సరైనది, గుర్తొచ్చిందని చెప్పబోయి ‘ఐ రింగ్ ఎ బెల్’ అంటే నేను గంట కొడతాను అనే అర్థం మాత్రమే వస్తుంది.

రెండోది ‘రింగ్ ట్రూ’. దీని వెనక నాణెం పరీక్ష ఉంది. వెండి నాణేన్ని రాతి మీద వేస్తే ఖంగున మోగేది, సీసం కలిపిన దొంగ నాణెం మొద్దు చప్పుడు చేసేది. పలమనేరు మట్టికుండ కొనేటప్పుడు చేసేదీ అదే పరీక్ష. కుండను ఒక అరచేతిలో నిలబెట్టి, వేలి కణుపుతో పొట్ట మీద తడతారు. బాగా కాలి, పగులు లేకపోతే ఖంగుమంటుంది. కంటికి కనిపించని సన్నని బీట ఉన్నా మోత తెగి బొదబొదమంటుంది, ఎందుకంటే కంపనం ఆ బీట దాటి పోలేదు. లండన్ బిగ్ బెన్ గంట 1859లో బీట వారినప్పుడు దాన్ని కొద్దిగా తిప్పి, సుత్తి మరోచోట తగిలేలా చేసి, సుత్తి బరువు కూడా తగ్గించారు. ఆ బీటతోనే అది నేటికీ మోగుతోంది. కాబట్టి మాట నిజంలా తోస్తే ‘రింగ్స్ ట్రూ’, డొల్లగా తోస్తే ‘రింగ్స్ హాలో’. ఇక్కడ ట్రూలీ రాయకూడదు, రింగ్ తర్వాత విశేషణమే వస్తుంది. ‘హిజ్ అపాలజీ ర్యాంగ్ హాలో’ అంటే క్షమాపణ చెప్పాడు గానీ మనస్ఫూర్తిగా లేదు.

ఫోను విషయంలో తెలుగు వాక్యం అడ్డొస్తుంది. ‘రింగ్ వస్తోంది, ఎత్తట్లేదు’ను ‘రింగ్ ఈజ్ కమింగ్’ అనకండి. ‘ఇట్స్ రింగింగ్, బట్ నోబడీ ఈజ్ ఆన్సరింగ్.’ ‘అతనికి ఫోన్ చేశాను’లోని ‘కి’ని ఇంగ్లీషులోకి తెచ్చి ‘ర్యాంగ్ టు హిమ్’ అన్నా తప్పే, ‘ఐ ర్యాంగ్ హిమ్’ చాలు. రింగ్‌ను ఫోన్ చేయడం అనే అర్థంలో బ్రిటిష్ వాళ్లు వాడతారు, అమెరికన్లు కాల్ అంటారు. రింగ్ ఆఫ్ అంటే ఫోన్ పెట్టేయడం. ‘రింగ్ అప్’కు ఫోన్ చేయడమే కాక, దుకాణంలో బిల్లు కొట్టడం అనే అర్థం కూడా ఉంది. పాత క్యాష్ రిజిస్టరులో లెక్క నొక్కగానే సొరుగు తెరుచుకుని గంట మోగేది, ఆ పేరు నిలిచిపోయింది.

రింగ్ లెక్కపెట్టగల నామవాచకం కూడా. కండక్టరు తాడు లాగి ఒక గంట కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే కదలాలి. ‘టూ రింగ్స్’ అని బహువచనం రాయాలి.

పరీక్షలో ‘రింగ్’కు పర్యాయపదం అడిగి నాలుగు ఎంపికల్లో గ్యాంగ్, చైమ్, అరీనా, ఎన్‌సర్కిల్ ఇచ్చారనుకోండి. నాలుగూ రింగ్‌కు పర్యాయపదాలే. ఇచ్చిన వాక్యంలో దొంగల ముఠా ఉంటే గ్యాంగ్, సర్కసో కుస్తీయో ఉంటే అరీనా, పోలీసులో కంచెలో చుట్టూ ఉంటే ఎన్‌సర్కిల్, గంట ఉంటేనే చైమ్. వాక్యం ఇవ్వకుండా మాట ఒక్కటే ఇస్తే ఎంపికల్లో ఎన్ని క్రియలు, ఎన్ని నామవాచకాలు ఉన్నాయో చూడండి. మూడు మోతకు చెందినవి, ఒకటి వలయానికి చెందినది అయితే అడిగింది తేడా ఉన్నదాన్నో, పర్యాయపదాన్నో ప్రశ్న మళ్లీ చదివి నిర్ధారించుకోండి. తొందరలో అక్కడే మార్కు జారిపోతుంది.